సీసాను ఎంచుకున్నదెవరు?

ఖరగ్‌పూర్‌లోని ఝపటాపూర్‌లో సాయంత్రం డ్యూటీ దిగిన రైల్వే ఉద్యోగి బారులో కూర్చుని ఈసారి కొత్త బీరేదైనా రుచి చూద్దామనుకుంటే, అది అతని నాలుకకూ జేబుకూ సంబంధించిన వ్యవహారం. హ్యాపీ అవర్ ముగిసేలోగా తేల్చుకుంటాడు. నచ్చితే మరొకటి అడుగుతాడు, నచ్చకపోతే రేపు పాత బీరుకే వస్తాడు. బెంగాల్-నాగపూర్ రైల్వే కాలంలో బతుకుదెరువుకు వచ్చి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలవారికి ఇందులో వింతేమీ కనిపించదు. పశ్చిమ బెంగాల్‌లోనూ 2017 నుంచి టోకు వ్యాపారం ప్రభుత్వ కార్పొరేషన్‌దే. కానీ చిల్లర దుకాణం ప్రైవేటు వ్యక్తి చేతిలో ఉంది. గిరాకీ లేని సరుకును అతను అరలో పేర్చి పెట్టుకోడు.

ఆ ఉద్యోగే బంధువుల పెళ్లికని ఒక రాత్రి రైలెక్కి ఇచ్ఛాపురంలో దిగాడనుకుందాం. 2019 అక్టోబరు 1 నుంచి 2024 అక్టోబరు దాకా ఆంధ్రప్రదేశ్‌లో అతనికి ఎంపిక అన్న మాటకే అర్థం ఉండేది కాదు. రాష్ట్ర బెవరేజెస్ కార్పొరేషన్ దాదాపు మూడున్నర వేల దుకాణాలను స్వయంగా నడిపింది. టోకూ తనదే, చిల్లరా తనదే. అంతకుముందు ప్రైవేటు దుకాణదారుడు కొనేవాడు అడిగినదాన్ని బట్టి ఇండెంటు పెట్టేవాడు. రెండు గల్లాపెట్టెలూ ఒకే చేతిలోకి వచ్చాక ఇండెంటు కింది నుంచి పైకి వెళ్లడం మానేసి, పై నుంచి కిందికి దిగడం మొదలైంది. దేశమంతటా దొరికే కింగ్‌ఫిషర్, బడ్‌వైజర్ అరుదైపోయాయి. బూమ్ బూమ్, ప్రెసిడెంట్ మెడల్ వంటి పేర్లు అరలు నింపాయి. ‘స్పెషల్ స్టేటస్’ పేరుతో కూడా ఒక సీసా వచ్చింది. ఢిల్లీ ఇవ్వని ప్రత్యేక హోదా క్వార్టర్ సీసాలోనైనా దొరికిందని జనం నవ్వుకున్నారు.

పొరుగు రాష్ట్రం నుంచి తెచ్చుకుందామన్నా ఆ దారి ఎంతోకాలం తెరిచి ఉండలేదు. నిబంధనల ప్రకారం మూడు సీసాలు తెచ్చుకోవచ్చని 2020 సెప్టెంబరులో హైకోర్టు స్పష్టం చేస్తే, మరుసటి నెలలోనే ప్రభుత్వం ఆ నిబంధనను మార్చి పర్మిట్ తప్పనిసరి చేసింది. మూడు సీసాల మీద ఇంత పట్టుదల ఎందుకు? దశలవారీ మద్యనిషేధం కోసమన్నది సర్కారు సమాధానం. ధర పెంచితే తాగుడు తగ్గుతుందన్నారు. 2020 మే నెలలో రోజుల వ్యవధిలో రెండు విడతలుగా 75 శాతం పెంచారు. ఆ జూలై నెలాఖరులోనే ప్రకాశం జిల్లా కురిచేడులో, లాక్‌డౌన్‌తో దుకాణాలు మూతపడినచోట, శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు.

ఈ వాదనను దాని సొంత తూకంతోనే తూచి చూడవచ్చు. తాగుడు తగ్గించడమే లక్ష్యమైతే దుకాణాలు తగ్గించాలి, వేళలు కుదించాలి, అలవాటు మాన్పించే కేంద్రాలు పెట్టాలి. వీటిలో కొన్ని కొంతమేర జరిగాయి కూడా. మరి బ్రాండ్లు మార్చడం ఏ లక్ష్యం కోసం? తెలిసిన బీరు తాగే మనిషి చేతిలో తెలియని బీరు పెడితే నిషేధం ఒక మెట్టు దగ్గరవుతుందా? పైగా 2022లో ఇదే కార్పొరేషన్ బాండ్ల ద్వారా ఎనిమిది వేల కోట్ల రూపాయలకు పైగా అప్పు తెచ్చింది. రాబోయే ఏళ్ల మద్యం రాబడిని చూపి అప్పు తెచ్చిన ప్రభుత్వం, ఆ ఏళ్లన్నిటా జనం తాగుతూనే ఉంటారని మదుపుదారులకు మాట ఇచ్చినట్టే. అదే నోటితో మహిళలకు నిషేధం హామీ ఇవ్వడం ఏ రకం నీతి?

ప్రతిపక్షం ఈ కోపాన్ని ఓట్లుగా మలచుకుంది. నాణ్యమైన మద్యం తక్కువ ధరకు ఇస్తామని 2024 ఎన్నికల వేదికల మీదే చెప్పారు. గెలిచాక 3,396 ప్రైవేటు దుకాణాలకు లాటరీ వేశారు, 99 రూపాయల క్వార్టర్ తెచ్చారు. దాదాపు 90 వేల దరఖాస్తులు వచ్చాయి. ఒక్కో దరఖాస్తుకు తిరిగి ఇవ్వని రుసుము రెండు లక్షలు. ఒక్క సీసా అమ్ముడుపోకముందే ఖజానాకు సుమారు 1,800 కోట్లు చేరాయి. గత ఐదేళ్ల కొనుగోళ్లలో వేల కోట్ల ముడుపులు చేతులు మారాయన్న ఆరోపణ మీద సిట్ దర్యాప్తు చేసి అరెస్టులు చేసింది. నిజానిజాలు న్యాయస్థానంలో తేలాలి. అయితే వెక్కిరింతలకు గురైన ఆ బ్రాండ్లలో చాలావాటికి అనుమతులిచ్చింది మీరేనని 2022లో అసెంబ్లీ సాక్షిగా నాటి అధికార పక్షం తెలుగుదేశాన్ని ఎత్తిపొడిచింది. అనుమతి ఎవరిది, ఆర్డరు ఎవరిది అన్న తగవులో తాగినవాడి ఊసే లేదు.

తెలంగాణలో కథ వేరు, కీలకం అదే. 2025 జనవరిలో బకాయిలు చెల్లించలేదనీ, ఏళ్ల తరబడి ధర సవరించలేదనీ యునైటెడ్ బ్రూవరీస్ కింగ్‌ఫిషర్ సరఫరా నిలిపివేసింది. పన్నెండు రోజులకు పునరుద్ధరించింది. ఫిబ్రవరిలో ప్రభుత్వం బీరు ధరలు 15 శాతం పెంచింది. కంపెనీకీ కార్పొరేషన్‌కూ మధ్య పేచీ తీరింది, బిల్లు మాత్రం వినియోగదారుడి బల్ల మీదికి వచ్చింది.

తాగేవాడి ఇష్టాయిష్టాల మీద ఇంత చర్చ అవసరమా అని కొందరు సాత్వికులు ముఖం చిట్లించవచ్చు. వారికి నెల్లూరు జిల్లా దూబగుంటను గుర్తుచేయాలి. 1992లో అక్కడి స్త్రీలు సారా దుకాణాన్ని ఎదిరిస్తే, 1993లో సారా నిషేధం వచ్చింది. 1994 డిసెంబరులో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం ఫైలు మీద సంతకం చేశారు. 1997లో ఆయన వారసులే దాన్ని ఎత్తేశారు. దుకాణం మా ఊళ్లో ఉండాలా వద్దా అని ఆ స్త్రీలు అడిగారు. మూడు దశాబ్దాల తర్వాత రాష్ట్ర రాజకీయం ఏ లేబుల్ ఉండాలన్న దగ్గర కొట్టుకుంటోంది. ఇంట్లో ఆడవాళ్ల ప్రశ్నను మగవాళ్ల నాలుక ప్రశ్నగా మార్చిన ఘనత రెండు పక్షాలదీ.

అలాగని లేబుల్ ప్రశ్న చిన్నదేం కాదు. హైదరాబాద్ పబ్బులో ముప్పై రకాల కాక్‌టెయిళ్ల పట్టిక ముందు కూర్చున్నవాడికి ఎంపిక ఒక వేడుక. కూలి డబ్బుతో కౌంటరు దగ్గర నిలబడ్డవాడు ‘ఏదుంటే అదివ్వు’ అంటాడు. ఆ ‘ఏదో’ ఏమిటన్నది నిర్ణయించేది విజయవాడలో ఒక కార్యాలయం. దుకాణాలు ప్రైవేటు పరమైనా టోకు కొనుగోలు ఇప్పటికీ కార్పొరేషన్‌దే. కనుక అడగవలసినవి చాలా మామూలు లెక్కలు: ఏ డిపో నుంచి ఏ బ్రాండును దుకాణాలు ఎన్ని కేసులు అడిగాయి, కార్పొరేషన్ ఏ కంపెనీకి ఎన్ని కేసుల ఆర్డరు ఇచ్చింది, ఏ నమూనాను ఏ ప్రయోగశాల ఏ తేదీన పరీక్షించింది. ఇవి ప్రతి నెలా పక్కపక్కన ప్రచురించాలి, 2019 నుంచీ, 2014 నుంచీ కూడా.