కోచింగ్ సంగతి తర్వాత, ముందు కసాగు

వేసవి వచ్చిందంటే మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇంటింటా ఒకటే మాట. "ర్యాంకు ఎంతొచ్చింది? సీటు ఎక్కడొస్తాది?" సీటొచ్చి కాలేజీలో కూకున్నాక ఏటవుతాదన్నది మాత్రం ఎవరూ అడగరు. ఇంజినీరింగ్ మొదటి సంవత్సరంలో ఎం-1 తప్పి, అది రెండో ఏటికీ మూడో ఏటికీ ఈడ్చుకొస్తున్న గుంటలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాళ్లు తెలివితక్కువోళ్లు కారు. మరి ఎక్కడ దెబ్బతింటన్నారు?

సాయంత్రాలు మా ఊళ్లో ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్తుంటాను. నాకు కనపడింది ఇది. సమాకలనం సూత్రం గుర్తుంటాది. లెక్క మొదలెట్టడం సరిగ్గానే మొదలెడతారు. నాలుగో లైనులో సగానికి మూడోవంతు కలపాల్సొస్తాది. అక్కడ 1/2 + 1/3 = 2/5 అని రాసేస్తారు. అది 5/6 అని చెప్తే "అవును సార్, కసాగు తియ్యాలి కదా" అంటారు. తెలీక కాదు, చేతికి అలవాటు లేక. మైనస్ గుర్తు బ్రాకెట్ లోపలికి పోయినప్పుడూ ఇంతే. ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్‌లో మధ్యనున్న 2ఎబి ఎగిరిపోవడమూ ఇంతే. తప్పేమో ఇంటర్ లెక్కలో కనపడతాది, దాని వేరు మాత్రం ఆరు, ఏడు తరగతుల్లో ఉంటాది.

ఇప్పుడు పరీక్ష సంగతి చూడండి. ఏపీ ఈఏపీసెట్ ఇంజినీరింగ్ పేపర్లో 160 ప్రశ్నలు, మూడు గంటలు. అందులో 80 ఒక్క లెక్కలవే. ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. 180 నిమిషాల్ని 160తో భాగిస్తే ప్రశ్నకి 67.5 సెకన్లు. కాలుకులేటరు లేదు. భిన్నాలు కలపడానికే అర నిమిషం పట్టినోడికి ఆలోచించడానికి ఏటి మిగుల్తాది? ఫిజిక్స్‌లోనూ చివరికి మిగిలేది గుణకారం, భాగహారం, ఘాతాంకాలే. కోచింగు సెంటర్లు అమ్మేవి షార్ట్‌కట్లు. పునాది లేని గోడకి రంగులేసినట్టు, ఎంత డబ్బు పోసినా అవి నిలబడవు.

తప్పంతా పిల్లలదే అనేస్తే అన్యాయం. 2020 మార్చిలో కరోనాకి బడులు మూసేసినప్పుడు ఐదో తరగతిలో ఉన్నోళ్లని గుర్తు చేసుకోండి. ఆరు, ఏడు తరగతులు వాళ్లకి అరకొరగా నడిచాయి. భిన్నాలు, రుణ సంఖ్యలు, బీజగణితం గట్టిగా పట్టుపడేది ఆ రెండేళ్లలోనే. ఇంట్లో ఒక ఫోనుంటే అది నాన్నతో పాటు పనికి పోయేది. ఆ బ్యాచే 2025-26లో ఇంటర్ మొదటి సంవత్సరంలోకి వచ్చింది. పోయిన రెండేళ్లని ఎవరూ వెనక్కి తెచ్చి ఇవ్వలేదు, సిలబస్ మాత్రం ఆగలేదు.

దీనికి తోడు భాష ఒకటి. కింది తరగతుల్లో లవం, హారం, కసాగు అని నేర్చుకున్న పిల్లకి పైకెళ్లేసరికి న్యూమరేటర్, డినామినేటర్, ఎల్‌సీఎం అంటారు. లెక్క వచ్చు, పేరు రాదు. పేరు రానందుకు లెక్కే రాదనుకుని నోరు మూసుకుంటాది. సర్కారు బడి పుస్తకాల్లో ఒకవైపు తెలుగు, ఒకవైపు ఇంగ్లీషు అచ్చేస్తన్నారు కదా, ఆ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఈ భయం సగం పోతాది.

ఇది మన రెండు జిల్లాల కష్టమే అనుకోకండి. 2023లో అసర్ సర్వే దేశంలో 28 జిల్లాల్లో, పల్లెల్లో 14 నుంచి 18 ఏళ్ల వాళ్లని పరీక్షించింది. మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించమంటే చెయ్యగలిగినోళ్లు 43 శాతం చిల్లర. అమెరికాలో శాన్‌డియేగోలో ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 2025లో ఒక నివేదిక ఇచ్చింది. హైస్కూలు స్థాయి లెక్కలు కూడా రాకుండా చేరుతున్నోళ్లు ఐదేళ్లలో దాదాపు 30 రెట్లు పెరిగారని అందులో రాశారు. అంత పెద్ద యూనివర్సిటీయే కింది తరగతుల లెక్కలు మళ్లీ చెప్పుకుంటోంది. మనం మళ్లీ మొదలెడితే నామోషీ ఏటి?

మన దగ్గరా ఒక దారి ఉంది. ఎచ్చెర్ల దగ్గర ఎస్.ఎం.పురంలో ఉన్న ట్రిపుల్ ఐటీనే చూడండి. ఆర్జీయూకేటీ 2008లో పుట్టింది, శ్రీకాకుళం క్యాంపస్ 2016లో వచ్చింది. పది మార్కుల మీద సీటిస్తారు, సర్కారు బడి పిల్లలకి 4 శాతం కలుపుతారు. ఆరేళ్ల చదువులో మొదటి రెండేళ్లు పీయూసీ. పల్లె పిల్లలు వెనకబడి వస్తారని ముందే ఒప్పుకుని, బీటెక్ ముందు రెండేళ్లు కేటాయించిన ఏర్పాటు అది. ఆ సీటు దొరికేది కొందరికే. మిగతావాళ్లు చేరే కాలేజీల్లో ఆ మెట్టు లేదు.

"ఇవన్నీ ఇంజినీర్లకి గానీ మనకెందుకు" అనే తమ్ముళ్లకి ఒక లెక్క. నూటికి రెండు రూపాయల వడ్డీకి పది వేలు తెచ్చారు. ఏడాదికి 24 శాతం. రెండేళ్లకి బారువడ్డీ అయితే మొత్తం 14,800. కట్టని వడ్డీని నెలనెలా అసల్లో కలిపేస్తే 16,084. తేడా 1,284 రూపాయలు. పుస్తకంలో దీని పేరు గుణశ్రేఢి, ఊళ్లో దీని పేరు అప్పు. కానిస్టేబుల్, అగ్నివీర్, రైల్వే పరీక్షల్లో, క్యాంపస్ ఉద్యోగాల ఆప్టిట్యూడ్ టెస్టుల్లో అడిగేవీ ఈ శాతాలు, నిష్పత్తులు, కాలం-పనే.

మరి ఏటి చెయ్యాలి? ఇంటర్ పరీక్షలు అయ్యాక కాలేజీ తెరిచేదాకా నెలలు ఖాళీ ఉంటాది. రోజుకి నలభై నిమిషాలు చాలు. ఫోను పక్కన పెట్టి, కాగితం మీద చెయ్యాలి. ముందు ఇరవయ్యో ఎక్కం దాకా నోటికి రావాలి. తర్వాత భిన్నాలు, దశాంశాలు, శాతాలు. ఆ మీద రుణ సంఖ్యలు, ఘాతాంకాలు, కారణాంకాలు, సమీకరణాలు. ఆఖర్న గ్రాఫులు, త్రికోణమితి. ఆరు నుంచి పది దాకా పాత పుస్తకాలు ఇంట్లోనో పక్కింట్లోనో ఉంటాయి. లేకపోతే ఎన్‌సీఈఆర్‌టీ సైటులో, దీక్ష యాప్‌లో ఉచితంగా దొరుకుతాయి. రోజుకి పది లెక్కలు చేసి, తప్పినవి వేరే నోటుబుక్కులో రాసుకోండి. వారం పోయాక అవే మళ్లీ చెయ్యండి. వీడియో చూస్తే అర్థమైనట్టే ఉంటాది. మూసేసి సొంతంగా చేస్తే గానీ వచ్చిందో లేదో తేలదు. ముగ్గురు నలుగురు కలిసి కూకుంటే ఇంకా బేగి వస్తాది. ఒకడికి చెప్పినప్పుడే మనకి ఎక్కడ రాదో మనకి తెలుస్తాది.

అయితే భారమంతా పిల్లల నెత్తినే పెట్టడం కుదరదు. కాలేజీలో చేరిన మొదటి వారంలోనే, మార్కులు లేకుండా, ఒక చిన్న పరీక్ష పెట్టి ఎవరికి ఏది రాదో చూడాలి. రానోళ్లకి మూడు నాలుగు వారాలు ఆ పాఠాలే చెప్పాలి. ఊళ్లో బడి గదులు సాయంత్రాలు తాళాలేసి ఉంటాయి. వేసవిలో రెండు గంటలు తెరిచి, చదువుకున్న కుర్రోడో అమ్మాయో కూకుని చెప్పేలా పంచాయితీ చూడొచ్చు. కొత్త బిల్డింగు అక్కర్లేదు, ఒక లైటు, ఒక బోర్డు చాలు.

మన జిల్లాల నుంచి వలసపోయినోళ్లు హైదరాబాదులో, చెన్నైలో కూలికి దిగి ఇక్కడ పిల్లల ఫీజులు కడతన్నారు. ఆ డబ్బు ఒక భిన్నం దగ్గర ఆగిపోకూడదు. కసాగు మర్చిపోతే మళ్లీ నేర్చుకోవచ్చు. దానికి వారం పడతాది. బ్యాక్‌లాగైతే ఏడాది తినేస్తాది.