సంతకం పెట్టిన మధ్యవర్తి ఎక్కడ?

బెజవాడ వాళ్ళకి గంజాయి కేసు వార్త కొత్తేం కాదు. విశాఖ మన్యం నుంచి హైవే మీద హైదరాబాదుకో చెన్నైకో వెళ్ళే సరుకు చాలావరకు మన ఊరు దాటే పోవాలి. పేపర్లో ఫొటో ఎప్పుడూ ఒకటే: ముందు మూటలు, వెనక పోలీసులు, మధ్యలో ముసుగేసిన కుర్రాళ్ళు. అక్కడితో కథ అయిపోయిందనుకుంటాం. అసలు కథ అప్పీల్లో ఉంటుంది.

1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి 20 కిలోలు దాటితే కనీసం పదేళ్ళ జైలు, లక్ష జరిమానా. పైగా సరుకు నీ దగ్గర దొరికిందని రుజువైతే, "నాకు తెలీదు" అని నిరూపించుకోవాల్సింది నువ్వే. అంటే కేసంతా ఒక్క ప్రశ్న మీద నిలబడుతుంది: దొరకడం చూసిందెవరు? మధ్యవర్తుల నివేదిక రాసేది, అదే పంచనామా, అందుకే.

2009 మేలో సంగారెడ్డి నుంచి హైదరాబాద్ వస్తున్న క్వాలిస్‌లో 80 కిలోల గంజాయి పట్టుకున్నామన్నారు పోలీసులు. కింది కోర్టు పదేళ్ళు వేసింది. 2022లో తెలంగాణ హైకోర్టు కూడా సరే అంది. 2024 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఎందుకు? నివేదికకి మధ్యవర్తులుగా ఉన్న ఇద్దరినీ అసలు విచారించనేలేదు, కారణమూ చెప్పలేదు. మూటల్లో పచ్చిమిర్చి కూడా ఉంది, దాన్ని వేరు చేసి తూచలేదు. శాంపిళ్ళు ల్యాబుకి చేరేదాకా భద్రంగా ఉన్నాయని నమ్మకంగా చూపించలేకపోయారు.

"టెక్నికల్ కారణాలతో వదిలేశారు" అనేవాళ్ళతో నేను ఏకీభవించను. స్వతంత్ర సాక్షి లేనంత మాత్రాన కేసు పోదని, పోలీసుల సాక్ష్యం నమ్మదగ్గదైతే అదే చాలని సుప్రీంకోర్టు 2020లోనూ చెప్పింది. ఇక్కడ ఆ నమ్మకమే కుదరలేదు. అప్పీలు వినే జడ్జి మామూలుగా సాక్షి మొహం చూడడు, కాగితమే చూస్తాడు. మన భాషలో చెప్పాలంటే, పదేళ్ళ తర్వాత బగ్ వెతుకుతుంటే మిగిలేది లాగ్ ఒక్కటే. అది సరిగ్గా లేకపోతే దోషి బయటికొస్తాడు, లేదా ఏ పాపం ఎరగనివాడు పదేళ్ళు లోపలుంటాడు. ఏది జరిగిందో ఎవరూ చెప్పలేరు. నాకు భయం వేసేది అక్కడే.

2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 105వ సెక్షన్ సోదాని వీడియో తీయమంటోంది. మంచిదే. కానీ కెమెరా ఎటు తిప్పారో, ఎప్పుడు ఆపారో అడిగితే జవాబు చెప్పడానికి మళ్ళీ మనిషే కావాలి.

ఆ మనిషి ఎవరు? అన్నిసార్లూ వీఆర్వోనే పిలిస్తే అది కూడా సర్కారు సంతకమే. రేపు టోల్‌గేట్ దగ్గర "సార్, కాస్త సాక్షిగా ఉంటారా" అని అడిగితే మనలో ఎంతమంది కారు దిగుతాం? కోర్టు చుట్టూ ఎవరు తిరుగుతారని అద్దం ఎత్తేస్తాం. మన భయమూ న్యాయమే. సాక్షికి వాయిదా తేదీ ముందే ఖాయం చేసి, వీడియో కాన్ఫరెన్సులో చెప్పనిస్తే సగం భయం పోతుంది. మిగతా సగం మాత్రం మనమే వదులుకోవాలి.