పొగగొట్టంలో పోయే వేడి

పిల్లలూ! మన పెద్దపల్లికి సముద్రం చాలా దూరం. మీలో ఓడను కళ్ళారా చూసినవారు కొద్దిమందే ఉంటారు. అయినా ఈ నెల ఓడ ఇంజను సంగతి చెబుతాను. ఎందుకంటే అందులో ఉన్న కిటుకు మన వంటింట్లోనే ఉన్నది.

కట్టెల పొయ్యి ఉన్న కొన్ని ఇళ్ళలో పెద్ద పొయ్యికి ఆనుకుని ఒక చిన్న పొయ్యి ఉంటుంది. దాన్ని కోడిపొయ్యి అంటారు. దానికి వేరే కట్టెలు పెట్టరు. పెద్ద పొయ్యి మీద అన్నం ఉడుకుతూంటే, పక్కకు వచ్చే సెగకు దీని మీద నీళ్ళు కాగుతాయి. ఊరికే పోయే వేడిని పట్టుకున్నారన్నమాట! ఓడలోనూ చేసేది ఇదే.

1948 మార్చి 14న విశాఖపట్నంలో నెహ్రూగారు ‘జల ఉష’ అనే ఓడను నీటిలోకి దింపారు. అది ఆవిరి ఓడ. ఇప్పటి సరకుల ఓడలు చాలామట్టుకు డీజిలు ఇంజనులతో నడుస్తాయి. అటువంటి పెద్ద ఇంజనులో నూరు రూపాయల నూనె మండితే, ఓడను తోసే పంకాను తిప్పేది సుమారు 50 రూపాయల శక్తి మాత్రమే. దగ్గర దగ్గర 25 రూపాయలు పొగతో పోతుంది. మిగిలినది చాలావరకు ఇంజనును చల్లబరిచే నీటిలోకి పోతుంది.

ఈ పోయేదాన్ని మూడు చోట్ల పట్టుకుంటారు.

మొదటిది టర్బోచార్జరు. పొగ వేగంగా వచ్చి ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీది రెండో చక్రం ఇంజనులోకి గాలిని అదిమి పంపుతుంది. గాలి ఎక్కువైతే నూనె ఎక్కువగా మండి, అదే ఇంజను ఎక్కువ బలం ఇస్తుంది.

రెండవది పొగదారిలో ఉండే బాయిలరు. టర్బోచార్జరు దాటాక కూడా పొగలో 250 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతాన వేడి ఉంటుంది. అది నీటిని ఆవిరి చేస్తుంది. ఓడలు ఎక్కువగా కాల్చే నూనె తారులాగా చిక్కన. ఈ ఆవిరితో వేడి చేస్తేగాని గొట్టాలలో పారదు. 2006లో వచ్చిన ‘ఎమ్మా మేర్స్క్’ వంటి మహా ఓడలలో ఈ ఆవిరి టర్బైనును తిప్పి విద్యుత్తును కూడా ఇస్తుంది.

మూడవది ఇంజను చల్లబరిచే నీరు. అది 80 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. ఒక మూసిన పాత్రలోంచి గాలిని తోడేస్తే, అందులో సముద్రపు నీరు 45 డిగ్రీల ప్రాంతానే మరుగుతుంది! ఆ ఆవిరిని చల్లార్చితే ఉప్పులేని మంచినీరు. చుట్టూ సముద్రమే ఉన్నా గుక్కెడు తాగను పనికిరాదు గదా! నావికుల దాహం తీర్చేది ఇంజను పారవేయబోయిన వేడి.

మరి మొత్తం వేడిని ఎందుకు పట్టుకోరు? నూనెలో గంధకం ఉంటుంది. పొగ మరీ చల్లబడితే గంధకికామ్లం గొట్టాల మీద చెమ్మలా పట్టి ఇనుమును తినేస్తుంది. అందుకని పొగలో కొంత వేడిని విడిచిపెట్టక తప్పదు.

ఇంకో కారణం మీరే చూడవచ్చు. పెద్దవాళ్ళ చేత ఒక గ్లాసులో వేడినీళ్ళు పోయించి, చన్నీళ్ళున్న గిన్నెలో పెట్టించండి. కాసేపటికి రెండూ గోరువెచ్చనవుతాయి. వేడి చాలావరకు అక్కడే ఉన్నది, కాని దానితో ఇక దేన్నీ మరిగించలేరు. వేడి తనంతట తాను వేడి వస్తువునుంచి చల్లని వస్తువులోకే పోతుంది. ఆ తేడా ఉన్నంతవరకే దానితో పని చేయించగలం. ఫ్రాన్సు దేశపు సాదీ కార్నో ఈ సంగతిని 1824లోనే ఆలోచించాడు.

ఓడ చూడలేదని దిగులు పడకండి. మన జిల్లాలోనే, రామగుండంలో, 1983 నుంచి విద్యుత్తు ఇస్తున్న ఎన్‌టీపీసీ కేంద్రం ఉన్నది. అక్కడా పొగ నేరుగా గొట్టమెక్కదు. ముందు ఎకనమైజరులో బాయిలరుకు పోయే నీటిని వేడి చేస్తుంది. తరువాత బొగ్గును మండించే గాలిని వేడి చేస్తుంది. ఆ మేరకు బొగ్గు మిగులుతుంది, మన గాలిలో పొగ తగ్గుతుంది.

ఇక ఈ నెల ప్రశ్న. ఎకనమైజరులోకి నీరు ఏ కొసనుంచి రావాలి? పొగ వేడిగా వచ్చే వైపునుంచా, చల్లారి పోయే వైపునుంచా? గ్లాసు, గిన్నె ముందు పెట్టుకుని ఆలోచించండి. మీ అమ్మానాన్నలను కూడా అడగండి.