బడి కబుర్లు: రెండో తరగతికి ఒక మనిషి కావాలి

జులై రెండో శనివారంతో మన శనివారం బడిలో ఈ సంవత్సరపు పాఠాలు ముగిశాయి. ఏటా ఈ నెలలో, ఉగాదినాడు ఎవరు ఏ పద్యం చదివారో, ఎవరికి ఏ బహుమతి వచ్చిందో ఈ శీర్షికలో రాస్తూ వచ్చాము. ఈసారి ఆ జాబితా పక్కన పెడుతున్నాము. పిల్లలకు ఏం వచ్చిందో, ఏం రాలేదో, సెప్టెంబరుకు మనకు ఏది తక్కువ పడుతోందో చెప్పదలచుకున్నాము.

తల్లిదండ్రులు తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇదంతా చదివితే చివరికి సర్టిఫికెట్ ఏమైనా వస్తుందాండీ?" అని. ఈ దేశంలో గుజరాతీ, బెంగాలీ, పంజాబీ, ఉర్దూ భాషల్లో జి.సి.ఎస్.ఇ. పరీక్షలున్నాయి. తెలుగుకు లేదు. కాబట్టి మన బడికి పైనుంచి కొలబద్ద ఏదీ రాదు, మనమే తయారు చేసుకోవాలి. పద్యం అప్పజెప్పడం మంచిదే, నోరు తిరుగుతుంది. కాని నాలుగు పాదాలూ గడగడ చదివి వేదిక దిగిన పిల్లవాడు, ఆ పద్యం దేన్ని గురించి అని అడిగితే అమ్మ ముఖం చూస్తే, అతనికి తెలుగు వచ్చిందని మేము రాయలేము.

మొదటి తరగతిలో అ, ఆ, ఇ, ఈ వరసగా దిద్దించడం మానేసి, ఎవరి పేరు వాళ్ళు రాయడంతో మొదలుపెట్టారు పంతులమ్మగారు. తరవాత ఇంట్లోవాళ్ళ పేర్లు, ఆ తరవాత గుణింతాలు. అంతవరకూ బాగానే నడిచింది. బండి ఒత్తుల దగ్గర ఆగింది. గ కింద గ, డ కింద డ అంటే పోలిక కనిపిస్తుంది. త, న, మ, ల ఒత్తులకు తల్లి అక్షరంతో పోలికే లేదు. ఇబ్బంది ఏమంటే, అమ్మ, నాన్న, అత్త, తల్లి, అన్నం అంటూ ముందుగా నేర్పాలనుకునే మాటలన్నీ ఆ ఒత్తులతోనే ఉన్నాయి. అదేం న్యాయమని ఒక పాప నిలదీసింది. అయినా సంవత్సరం చివరికి ఆ తరగతిలో అందరూ రెండు మూడు అక్షరాల మాటలు కూడబలుక్కుని చదువుతున్నారు.

నాలుక సంగతి మరొకటి. ఇంగ్లీషు టి, డి పలికేటప్పుడు నాలుక మన త దగ్గరా ఉండదు, ట దగ్గరా ఉండదు. పళ్ళ వెనక చిగురు మీద, మధ్యలో తగులుతుంది. అందుచేత ఇక్కడ పుట్టిన పిల్లల నోట తాత, టాటా ఒకటైపోతాయి. మనవడు ఫోనులో ప్రేమగా పిలిస్తే, ఇంకా మాట్లాడనే లేదు అప్పుడే సెలవు తీసుకుంటున్నాడేమిటి అనుకుంటాడు అవతలి పెద్దాయన. చేతికి చిన్న అద్దం ఇచ్చి, త అన్నప్పుడు నాలుక కొస పళ్ళకు తగలాలని చూపిస్తే పది నిమిషాల్లో పట్టుకున్నారు. మరుసటి వారానికి చాలామంది మరిచిపోయారు. అద్దం ఇళ్ళల్లోనూ ఉంటుంది కనుక తల్లిదండ్రులు గమనించగలరు.

రెండో తరగతి పిల్లలకు చదవడం వచ్చు. వాళ్ళ చిక్కంతా మాట్లాడడంలో. సెలవులకు హైదరాబాదు వెళ్తున్న అబ్బాయి, "టీచర్, మనం శుక్రవారం వెళ్తున్నాం" అన్నాడు. "అయితే నాకూ టిక్కెట్టు కొన్నారా?" అని ఆవిడ అడిగేసరికి తెల్లబోయాడు. ఇంగ్లీషులో ఒక్క 'వుయ్' ఉన్నచోట మనకు మనం, మేము అని రెండున్నాయి. వినేవాళ్ళను కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. ఈ తేడా మనకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, పెరుగుతూంటే వచ్చేసింది. వీళ్ళకు చెప్పాలి. ఆనాటినుంచి తరగతిలో ఎవరైనా "టిక్కెట్టు!" అని అరిస్తే చాలు, తప్పు మాట్లాడినవాళ్ళు వెంటనే దిద్దుకుంటున్నారు. "నాన్న వచ్చింది" అనడం బాగా తగ్గింది. నువ్వు, మీరు మాత్రం ఇంకా కుదురుకోలేదు. చూడడానికి వచ్చిన పెద్దాయనను "నువ్వు కూచో" అని, తన చెల్లెలిని "మీరు జరగండి" అన్న అమ్మాయి ఉంది.

కూరగాయల పాఠంనాడు సొరకాయా, ఆనపకాయా అని తగువొచ్చింది. రెండూ బోర్డు మీద రాయించారు. తెలంగాణా, రాయలసీమ, కోస్తా, హోసూరు, ఏ ఇంటి తెలుగు ఆ ఇంటి పిల్లకు ముందు రావాలనీ, పుస్తకంలో లేదని దేన్నీ కొట్టెయ్యకూడదనీ మన బడిలో నియమం. పిల్లలకు ఇలాంటివి ఇంగ్లీషులో విడమర్చి చెప్పవలసి వచ్చే తల్లిదండ్రులకు భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ గార్లు కలిసి రాసిన 'ఎ గ్రామర్ ఆఫ్ మోడర్న్ తెలుగు' (1985) ఉపయోగపడుతుంది. కాస్త ఓపిక కావాలి.

ఇక కొలబద్ద సంగతి. జూన్‌లో ఒక శనివారం రాతపరీక్ష పెట్టలేదు. వేసవిలో విజిటర్ వీసా మీద వచ్చి ఆరునెలల లోపు వెళ్ళిపోయే తాతలనూ అమ్మమ్మలనూ నానమ్మలనూ బడికి పిలిచి, ఒక్కొక్కరి ముందు ఇద్దరు పిల్లలను కూర్చోబెట్టారు. నియమం ఒకటే. ఒక ప్రశ్న అడగాలి, జవాబు వినాలి, ఆ జవాబులోంచి మరో ప్రశ్న అడగాలి. మొదటి ప్రశ్న అందరూ ఇంటినుంచి తయారుచేసుకుని వచ్చారు. రెండోది తయారుచేసుకోవడానికి వీలులేదు కదా, అసలు పరీక్ష అదే.

కరీంనగర్ వైపునుంచి వచ్చిన పెద్దాయన తన చిన్నతనంలో పొలానికి మోటతో నీళ్ళు తోడేవారని చెప్పారు. బావి గట్టునుంచి ఎద్దులు పల్లానికి నడిస్తే మోకు లాగి బొక్కెన పైకొస్తుంది. నీళ్ళు కాలవలో పడ్డాక ఎద్దులు వెనక్కి అడుగులేస్తూ గట్టెక్కితే బొక్కెన మళ్ళీ బావిలోకి దిగుతుంది. పిల్లలిద్దరికీ సగం మాటలు తెలియవు. మోకు అంటే ఏమిటని అడిగారు, కాగితం మీద బొమ్మ వేయించుకున్నారు. కాసేపాగి వారిలో చిన్నవాడు, "ఎద్దుకు వెనక్కి నడవడం ఎవరు నేర్పారు?" అన్నాడు. తప్పులేని తెలుగు వాక్యం, ఎవరూ అందించలేదు. పెద్దాయన నవ్వి, "పాత ఎద్దు పక్కన కొత్తదాన్ని కడితే అదే నేర్చుకుంటది బిడ్డా" అన్నారు. ఆ అబ్బాయి ఏడాది కిందట ఫోనులో "బాగున్నాను" అని ఒక్క ముక్క చెప్పి ఫోను తల్లికి ఇచ్చేసేవాడు. ఈ సంవత్సరపు ప్రగతి నివేదికలో మేము మొదట రాసుకున్నది ఆ ప్రశ్నే.

పోతే, చిక్కు. ఇంగ్లండులో ఆగస్టు మొదటి బుధవారం శిక్షణలో ఉన్న డాక్టర్లు ఉద్యోగాలు మారే రోజు. మన సభ్యుల్లో డాక్టర్లు ఎందరో మీకు తెలుసు. ఏటా ఆ బుధవారం మన బడికి ఎవరో ఒకరు తగ్గుతారు. ఈ ఏడు రెండో తరగతి చెబుతున్న డాక్టరమ్మగారే దూరపు ఆసుపత్రికి వెళ్తున్నారు. వారికి బదులు ఎవరూ రాకపోతే రెండో తరగతిని మొదటి తరగతిలో కలపడం తప్ప కార్యవర్గానికి దారి లేదు. ఎద్దు గురించి అడిగిన పిల్లవాణ్ణి మళ్ళీ గుణింతాల దగ్గర కూర్చోబెడితే ఎన్ని వారాలు వస్తాడు? అక్టోబరు చివర గడియారాలు మారి, సాయంత్రం నాలుగింటికే చీకటిపడే రోజులొస్తే అసలే హాజరు పలచబడుతుంది.

"నాకు అంత తెలుగు రాదండీ" అనే జవాబు మాకు అలవాటే. పండితులు అక్కర్లేదు. బెంగుళూరులోనో చెన్నైలోనో ముంబైలోనో పెరిగి, తెలుగు మాట్లాడడమే తప్ప చదవడం రానివాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. అలాంటి ఒక తల్లి కూతురి పక్కనే వెనక బెంచీలో కూర్చుని అక్షరాలు నేర్చుకున్నారు. ఈ సంవత్సరం మొదటి తరగతి హాజరుపట్టీ తెలుగులో రాసింది ఆవిడే. సి.పి. బ్రౌన్ కూడా 1817లో యువకుడిగా మద్రాసు చేరాకే తెలుగు నేర్చుకున్నాడు. 1852లో నిఘంటువు వేశాడు, ముసలితనంలో లండన్‌లో తెలుగు ఆచార్యుడుగా ఉన్నాడు. మనకు అంత పని లేదు, శనివారం రెండు గంటలు చాలు.

పెద్ద పిల్లలున్న ఇళ్ళకు ఇంకో మాట. డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరో అవార్డు కోసం స్వచ్ఛంద సేవ చెయ్యవలసిన వాళ్ళు దానికోసం ఊరంతా వెతకనక్కర్లేదు. బ్రాంజ్‌కు కనీసం మూడు నెలలు, గోల్డ్‌కు పన్నెండు నెలలు సేవ కావాలి. వారానికో గంట మొదటి తరగతిలో చిన్నవాళ్ళ పక్కన కూర్చుని చదివిస్తే సరిపోతుంది. ధ్రువీకరించేవారు ఇంట్లోవాళ్ళు కాకూడదు కనుక ఆ సంతకం కార్యవర్గంలో వేరొకరు పెడతారు. కొత్త ఎద్దు, పాత ఎద్దు అన్నారు కదా పెద్దాయన.

పిల్లలను హాలు ముందు దింపి ఆ రెండు గంటల్లో వారం సరుకులు తెచ్చుకునే అలవాటు గురించి కూడా రాయమని కొందరు కోరారు. సరుకులు అందరికీ కావాలి. నెలకు ఒక్క శనివారం సరుకులు మధ్యాహ్నానికి వాయిదా వేసి, కుర్చీలు వేసేందుకో, టీ కాచేందుకో, తలుపు దగ్గర నిలబడేందుకో ఉండిపోతే, పాఠం చెప్పేవారు పాఠమే చెప్పుకోగలుగుతారు. ఇప్పుడు వాళ్ళే తాళం తీసి, వాళ్ళే కుర్చీలు సర్ది, వాళ్ళే చివర ఊడ్చి వెళ్తున్నారు. ఇంటికెళ్ళి మళ్ళీ నైట్ డ్యూటీ.

తరగతి తీసుకోదలచినవారు ఆగస్టు మొదటి వారంలోగా కార్యదర్శిగారికి తెలియజేయవలసిందిగా కోరుతున్నాము. పిల్లలతో పనిచేసేవారికి డి.బి.ఎస్. తనిఖీ కావాలి. స్వచ్ఛందంగా చేసేవారికి దానికి ప్రభుత్వ రుసుము లేదు గాని, కాగితాలు రావడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. తొందర అందుకే. డాక్టరమ్మగారు తమ పాఠాల నోటుబుక్కు, బొమ్మల అట్టలు, అద్దాల పెట్టె మాకు అప్పజెప్పి వెళ్తున్నారు. కొత్తగా వచ్చేవారితో ఫోనులో మాట్లాడి సాయం చేస్తామన్నారు.

సెప్టెంబరు రెండో శనివారం ఉదయం పది గంటలకు బడి తెరుస్తాము. రెండో తరగతి పిల్లలు సెలవుల్లో ఊళ్ళోని పెద్దవాళ్ళను అడగవలసిన ప్రశ్నల కాగితం ఇళ్ళకు పంపాము, జవాబులు తెలుగు అక్షరాల్లో రాసుకుని తేవాలి. మోట సంగతి చెప్పిన పెద్దాయన అక్టోబరు దాకా ఇక్కడే ఉంటారు. మొదటి శనివారం వస్తామని మాట ఇచ్చారు.