పాత యింజనులకు తొలి రంగు

బావులపైనను కాలువ గట్లపైనను ఒకప్పుడు రేయింబవళ్లు నీరు తోడిన ఆయిలు ఇంజనులు, విద్యుత్తు మోటారులు వచ్చిన పిమ్మట, పెక్కు గ్రామములలో కొట్టముల మూలలను పడియున్నవి. కొన్ని పాత ఇనుప వర్తకుల తూకమునకు పోయినవి. మిగిలిన వానిని బాగుచేయించి మరల నడిపింపవలెనను కోరిక ఇప్పుడు కొందరు రైతులకు కలుగుచున్నది. కోరిక మెచ్చదగినదే. కాని యంత్రము చేతికి రాగానే వారు చేయుచున్న మొదటి పని యేది? కాష్టిక్ సోడా నీళ్లతో కడుగుట, ఇనుము తెల్లగ తేలువరకు తీగబ్రష్షుతో గీకుట, అంగడిలో దొరికిన మెరుపు రంగును పూయుట. ఈ పద్ధతి తప్పని మా దృఢాభిప్రాయము. తొలుత వేసిన రంగేదో చెప్పవలసిన సాక్షి ఆ యంత్రమే. దానిని అడుగక మునుపే నోరు నొక్కుచున్నాము.

ఏ రంగైన నేమి, నీరు తోడిన చాలదా యని సభ్యు లడుగవచ్చును. నీటి కొఱకే యైనచో ఏ రంగైనను చాలును. పాతదానిని పాతదిగా నిలుపగోరువారు మాత్రము దాని రూపును తమ యిష్టము చొప్పున కల్పింపరాదు.

లిస్టరు ఇంజనునే తీసికొందము. 1867లో రాబర్టు ఆష్టన్ లిస్టరు ఇంగ్లండులోని డర్స్లీ పట్టణమున స్థాపించిన కంపెనీ దానిని చేసెను. వారి సీ. ఎస్. తరగతి డీసెలు ఇంజను ఒక్క సిలిండరుతో, నిమిషమునకు 600 చుట్లు తిరుగుచు 5 అశ్వశక్తులను, పిదపటి రకమున 650 చుట్లతో 6 అశ్వశక్తులను ఇచ్చెడిది. దాని రంగు ఆకుపచ్చ. ఇంగ్లండులో ఇట్టి యింజనుల నుద్ధరించువారు పలువురు బ్రిటిషు ప్రమాణ పట్టికలో 226వ సంఖ్య గల బ్రన్స్‌విక్ ఆకుపచ్చను వాడుచున్నారు. అదే పట్టికలో 225 దానికన్న లేతది, 227 ముదురుది. సంఖ్య తెలిసినంత మాత్రమున పని తీరదు. అనేక సంవత్సరములు తయారైన యింజనులన్నియు ఒక్క డబ్బాలోని రంగునే పొందియుండునని తలపరాదు. మీ కొట్టములోని యింజను సంగతి దాని యొంటిమీదనే వెదుకవలెను.

ఎండయు వానయు సోకని చోట్లు చూడుడు. పేరు చెక్కిన ఇత్తడి పలక క్రింద, నూనె తొట్టి పట్టీ కరచిన చోట, బోల్టు తలల క్రింద, మడ్డి గడ్డకట్టిన సందులలో తొలి రంగు దాగియుండును. మనము అసహ్యించుకొను ఆ మడ్డియే దానిని కాపాడినది. కిరసనాయిలు తడిపిన గుడ్డతో మెల్లగ తుడిచి, నీటిలో వాడెడి సన్నని ఉప్పుకాగితముతో రూపాయి బిళ్లంత మేర రుద్దినచో, కోసిన మ్రాను మొద్దులో వలె వలయములు తేలును. నడుమ ఇనుము, దాని చుట్టు లప్పమును అస్తరును, వాని నంటియున్నదే తొలి రంగు. ఆపై వలయములు తరువాతి యజమానుల ముచ్చటలు. మేము చూచిన యొక యింజనుపై ఎద్దుల కొమ్ములకు పూయగా మిగిలిన రంగు కూడ నొక వలయమై యుండెను!

ఇక కాష్టిక్ సోడా మాట. బ్రన్స్‌విక్ ఆకుపచ్చను చిరకాలము క్రోము పసుపు, ప్రష్యా నీలము కలిపి చేసిరి. క్రోము పసుపు వెలుతురున నల్లబడును. ప్రష్యా నీలము క్షారము తగిలినచో గోధుమవన్నెకు తిరుగును. కావున చాకలి సోడా సైతము తగులనీయరాదు. మరియొక చిక్కు కలదు. అవిసెనూనెతో నూరిన రంగు చీకటిలో నున్నప్పుడు పసుపెక్కును. వెలుతురు తగిలిన కొంత తేరుకొనును. అందుచే పలక క్రింద బయల్పడిన రంగును వెంటనే నమ్మక, కొన్ని దినములు వెలుతురు సోకనిచ్చి, పగటివేళ నీడపట్టున తడిపి చూడవలెను. దీపపు వెలుగున చూచి రంగు కలిపించుకొన్నవాడు తెల్లవారి చింతించును. నేడు పెద్ద అంగళ్లలో యంత్రముతో పరీక్షించి సరిజోడు కలిపెడి సదుపాయము కలదు. దానికైనను మనమిచ్చు నమూనా సరియైనదిగా నుండవలెను.

క్రోము పసుపులో సీసము కలదు. సిందూరపు అస్తరు వేసియున్నచో అందును కలదు. సీసము విషము, పసిపిల్లలకు మరింత హానికరము. ఇంటిరంగులలో సీసము పదిలక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదని మన ప్రభుత్వము 2016లో నియమము చేసినది గాని, పాత యింజనులపై పూత అంతకు మునుపటిది. దానిని పొడిగ గీకరాదు, మంటతో కాల్చరాదు. తడిపియే రుద్దవలెను. ధాన్యపు గాదెకు, కుడితి తొట్టికి, పిల్లలాడు చోటికి దూరముగ నుండవలెను. తుడిచిన గుడ్డలను కాల్వలో పారవేయరాదు.

గుజరాతులోని రాజకోటలో లిస్టరు నమూనా ననుసరించి ఇంజనులు విస్తారముగ తయారైనవి. వానికి డర్స్లీ ఆకుపచ్చ పూసి సీమ యింజనుగ కనబరచుట మాకు బొత్తిగ నచ్చదు. కొనువాడు మోసపోవుట యటుండగా, మన పనివారి శ్రమ పరుల పేర పోవుచున్నది. రాజకోట యింజనుకు దాని పలక క్రిందనే దాని రంగు దొరకును, అదే పూయవలెను.

తొలి రంగు సగమునకు పైగ నిలిచియున్నచో మరల రంగు వేయనే వలదు. తుడిచి పలుచగ నూనె రాసిన చాలును. వేయక తప్పనిచో అరచేతి మేర పాత రంగును ముట్టక విడువవలెను. కలిపించిన రంగును రేకుముక్కపై పూసి, వెనుక ఇంజను సంఖ్యను వ్రాసి సంఘ కార్యాలయమున నుంచినయెడల, అట్టి యింజనే గల మరియొక సభ్యునికి పనికివచ్చును.