పాడక్‌లో మచ్చు, బుకీ దగ్గర ధర

మలక్‌పేట మహబూబ్ మాన్షన్ యార్డులో మిర్చి ఖరీదుదారు మచ్చు చూడనిదే ధర పలకడు. కాయ విరిచి, రంగు చూసి, తేమ అంచనా వేసుకుని అప్పుడు నోరు విప్పుతాడు. అదే మనిషి మధ్యాహ్నం దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఎల్.బి.నగర్‌లోనో దుకాణంలో కూర్చుని ఫోన్ మీద గుర్రప్పందెం కాస్తాడు. గుర్రాన్ని మాత్రం చూడడు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ 1886లో మౌలాలీ నుంచి తెచ్చిపెట్టిన రేసు కోర్సు ఆ యార్డుకు కూతవేటు దూరంలోనే ఉంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి మెట్రోలో మూడో స్టేషను.

ప్రతి పందేనికి ముందు గుర్రాలను పాడక్‌లో తిప్పుతారు. జాకీలు ఎక్కుతారు, అక్కడి నుంచి స్టార్టింగ్ గేటుకు కదులుతారు. ఆ కొద్ది నిమిషాలే పందెం మార్కెట్‌కు మచ్చు చూసే వేళ. అంతకుముందు ధర పాత ఫలితాల మీద, బరువుల మీద, గుర్రపుశాల నుంచి పొక్కిన మాటల మీద నడుస్తుంది. పాడక్ తర్వాత కంటికి కనిపించిన సరుకు మీద నడుస్తుంది.

ఉదాహరణకు ఫేవరెట్ ధర ఆరుకు నాలుగు అనుకుందాం. అంటే గెలిచే అవకాశం నూటికి 40 అని మార్కెట్ అంచనా. ఆ గుర్రం పాడక్‌లో ఇద్దరు సైసులకు లొంగక, తోక విదిలిస్తూ, తొడల మధ్య తెల్లని నురుగుతో తిరిగితే చూస్తున్నవాళ్లు వెనక్కి తగ్గుతారు. ధర అయిదుకు రెండుకు సడలుతుంది. అంచనా 29 లోపుకు దిగిందన్న మాట. ఆ తగ్గిన 11 ఎక్కడికీ పోదు. రెండో, మూడో గుర్రాల మీదికి మళ్లి వాటి ధర బిగుస్తుంది. బుకీ ఖాతా సరితూగాలంటే మరో దారి లేదు.

మరి ఈ లక్షణాలను ఎంతవరకు నమ్మవచ్చు? ఆస్ట్రేలియాలో జెఫ్రీ హట్సన్ మరొకరితో కలిసి రేసుకు ముందు గుర్రాల ప్రవర్తనను లెక్కగట్టి 1997లో ప్రచురించారు. మితిమీరి ఉద్రేకపడే గుర్రాలు, అదుపు చేయడానికి ఎక్కువ శ్రమ పెట్టించే గుర్రాలు వెనుకబడే మొగ్గు చూపుతాయన్నది అందులో తేలిన విషయం. పాడక్ చూసి గెలిచే గుర్రాన్ని పట్టుకోవడం కష్టం, ఓడే గుర్రాన్ని గుర్తించడం కొంత తేలిక. మచ్చు కూడా అంతే కదా! పుచ్చు సరుకును పట్టిస్తుంది గాని, రేపటి తేజీని చెప్పదు.

అయితే ఒక హెచ్చరిక అవసరం. మన వర్షాకాలపు సీజనులో ఉక్కపోతకు చెమట పట్టని గుర్రం ఉండదు. అప్పుడు చెమట చూసి బెదిరి ధర సడలించేవారు తొందరపడుతున్నట్టే. శీతాకాలపు సీజనులో, చల్లని రోజున, మిగతావన్నీ పొడిగా ఉండగా ఒక్కటే తడిసి ముద్దయితే దానికి విలువ ఉంది. అప్పుడైనా ఆ గుర్రం ఎప్పుడూ అంతేనా అన్నది చూడాలి. ప్రతిసారీ నురుగు కక్కి ప్రతిసారీ పరుగెత్తే గుర్రాలూ ఉన్నాయి. వాటి అలవాటు ఎరిగినవాడికి, ఇతరులు భయపడి సడలించిన ధర లాభసాటి బేరం.

ఇక ఫోన్ బేరం సంగతి. ఉదయమే కాసినవాడికి పాడక్ వార్త అటో ఇటో రావచ్చు, దానివల్ల ప్రత్యేకంగా నష్టం లేదు. పాడక్ అయ్యాక, చూడకుండా కాసేవాడే చిక్కుకుంటాడు. అవతలివాడికి పాడక్ దగ్గర మనిషి ఉంటాడు. గుర్రం బెదిరితే పాత ధరకే పందెం రాసుకుంటాడు. హుషారుగా ఉంటే లైను దొరకదు. తేజీ-మందీ వ్యాపారం తెలిసినవారికి వేరే చెప్పాలా, నజరానా తీసుకోకుండా హక్కు రాసిచ్చినట్టే. పైగా లైసెన్సు లేని బుకీ దగ్గర కాయడం నేరం. గెలిచినా సొమ్ము కోసం ఫిర్యాదు చేసుకునే చోటు లేదు.

టోట్ పద్ధతి వేరు. అక్కడ ధర చివరి గంట మోగాక గాని తేలదు. పాడక్ చూసి వచ్చిన చివరి సొమ్ము కూడా అందరి డివిడెండునూ మారుస్తుంది. సొమ్ము దండిగా ఉంటే ఈ మార్పు మెల్లగా ఉంటుంది. పలచగా ఉంటే పదిమంది భయం చాలు, ఫేవరెట్ డివిడెండు ఎగిరిపడుతుంది.

ఆ పలచనకు దారి తీస్తున్నది పన్ను. రేసులపై 2017 జూలై నుంచి 28 శాతం జి.ఎస్.టి. ఉండేది. పన్ను పూర్తి పందెం సొమ్ము మీదేనని 2023 అక్టోబరు నుంచి చట్టంలోనే స్పష్టం చేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతమైంది. నూరు రూపాయల పందేనికి 140 కట్టాలి. సగానికి సగం గెలిచే అవకాశమున్న గుర్రం మీద, టోట్ తన కోత కోయకముందే, ఆ 140కి సగటున తిరిగి వచ్చేది 100. పాడక్‌లో ఎంత నిపుణుడైనా 40 శాతం లోటు పూడ్చగల కన్ను ఎవరికీ లేదు. 1996లో సుప్రీంకోర్టు గుర్రప్పందేన్ని నైపుణ్యంతో కూడిన ఆటగా గుర్తించింది. ఈ లెక్కలో ఆ నైపుణ్యానికి మిగిలింది సున్న.

అడ్తిదారు నుంచి కమీషన్ మీద పన్ను తీసుకుంటారు గాని, చేతులు మారిన బస్తాల విలువ మొత్తాన్నీ అతని సంపాదనగా లెక్కకట్టరు. రేసుల్లోనూ క్లబ్బు, బుకీ నిలుపుకునే కమీషన్ మీదే పన్ను వేయాలని ఈ శీర్షిక అభిప్రాయం. లేకుంటే మచ్చు చూసి కొనేవాడు కోర్సుకు రావడం మానేస్తాడు. ఫోన్ బుకీకి ఈ 40 బాధ లేదు, పాడక్ కంచె పక్కన నిలబెట్టిన ఒక మనిషి జీతం తప్ప.