రసీదు

పోయిన జుమ్మా నమాజు అయ్యాక పటాన్‌చెరులో మా మామూ ఇంట్లో దస్తర్‌ఖాన్ దగ్గరే పెద్ద బహస్ అయింది. సంగతి తుపాకీది. మామూ ఫౌజులో నౌకరీ చేసి రిటైరై వచ్చినవాడు. ఇరవై ఏళ్లుగా ఈ ఇండస్ట్రియల్ బెల్టులో ఫ్యాక్టరీ గేట్ల ముందు, బ్యాంకుల ముందు గన్‌మ్యాన్ డ్యూటీ. సొంత డబల్ బ్యారెల్ ఉంది కాబట్టే ఆయనకు మామూలు గార్డు కంటే ఎక్కువ తన్‌ఖా. మనం దాన్ని హథియార్ అంటాం గానీ, ఆయనకు అది దర్జీకి మిషను లాంటిది. రోజీరోటీ.

ఆయన దగ్గర ఒకప్పుడు మూడు ఉండేవి. ఒకటి ఈ డబల్ బ్యారెల్. ఇంకొకటి షికారు రోజుల్లో కొన్న రైఫిల్. మూడోది వాళ్ల అబ్బాజాన్ నుంచి లైసెన్సుతో సహా వచ్చిన సింగిల్ బ్యారెల్. 2020లో ఒకటి ఠాణాలో జమ చేయాల్సి వచ్చింది. కొత్త ఖానూన్. ఏది ఇవ్వాలో మూడు నెలలు ఆలోచించి, డ్యూటీకి పనికిరాదని అబ్బాజాన్‌దే ఇచ్చాడు. ఇప్పటికీ ఆ మాట వస్తే ముద్ద మింగుడుపడదు ఆయనకు.

"నా మిల్కియత్‌ను హుకూమత్ పట్టుకుపోయింది. ఒక్క పైసా ఇచ్చిందా?" అన్నాడు.

ఆయన కొడుకు ఫార్మా కంపెనీలో కెమిస్టు. "అబ్బా, మనిషికి ఉన్నవి రెండు చేతులు. మూడు తుపాకులు ఎందుకు?" అన్నాడు. ఇద్దరూ నావైపు తిరిగారు. అఖ్‌బార్‌లో పనిచేసేవాడికి అన్నీ తెలుస్తాయని మన ఖాందాన్‌లో అందరికీ ఒక గలత్‌ఫహ్మీ. ఆ రోజు బిర్యానీ మీద ధ్యాసతో తప్పించుకున్నాను. ఇప్పుడు జవాబు రాస్తున్నాను.

ముందు ఖానూన్ ఏమందో చూద్దాం. 1959 ఆయుధాల చట్టం కింద అంతకుముందు ఒక మనిషి మూడు తుపాకుల దాకా ఉంచుకునే వీలుండేది. 2019 నవంబర్ 29న కేంద్రం లోక్‌సభలో పెట్టిన బిల్లు దాన్ని ఒకటికి తగ్గించాలంది. వెంటనే లైసెన్సుదారులు, షూటర్లు, రాజస్థాన్ పాత సంస్థానాల ఖాందాన్లు లేచారు. పంజాబ్ అప్పటి ముఖ్యమంత్రి అమరీందర్ సింగ్ కూడా వద్దన్నారు. చివరికి సంఖ్య రెండు దగ్గర ఆగింది. డిసెంబర్ 13న రాష్ట్రపతి దస్తఖత్ అయింది. రెండుకు మించి ఉన్నవాళ్లు ఏడాది లోపల మిగతావి ఠాణాలోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో జమ చేయాలి. ఆ తర్వాత 90 రోజుల్లో వాటి లైసెన్సు తీసేస్తారు. తాతల నాటి విరాసత్ అయినా ఆ రెండులోనే లెక్క. ముఆవజా అనే మాట ఆ సవరణలో లేదు.

తుపాకీకి తగిలించే సామాను సంగతి ఇంకా పాతది. చప్పుడును, నిప్పు మెరుపును తగ్గించే పరికరాన్ని మన చట్టం 1959 నుంచే తుపాకీ కింద లెక్కగడుతుంది. సైలెన్సర్ ఒక్కటి దొరికినా తుపాకీ దొరికినట్టే. అమెరికాలో ఈ రోజుకీ ఇలాంటి సామాను మీద కోర్టుల్లో కొట్లాట నడుస్తోంది. 2017 అక్టోబర్‌లో లాస్ వేగస్‌లో ఒకడు హోటల్ కిటికీలోంచి కాల్చి పదుల మందిని చంపాడు. వాడి తుపాకులకు బంప్ స్టాక్ అనే పరికరం ఉంది. దానితో మామూలు రైఫిలు మెషిన్‌గన్ వేగంతో కాలుస్తుంది. మరుసటి ఏడాది ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఉన్నవాళ్లు నాశనం చేయాలి, లేదా అప్పజెప్పాలి. పరిహారం లేదు. 2024 జూన్‌లో వాళ్ల సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. అదీ ఆస్తి హక్కు మీద కాదు, మెషిన్‌గన్ అన్న మాటకు అర్థం మీద.

మనకు దగ్గరి మిసాల్ న్యూజిలాండ్. 2019 మార్చి 15 మీకందరికీ యాదుంటుంది. అది కూడా జుమ్మా రోజే. క్రైస్ట్‌చర్చ్‌లో రెండు మసీదుల్లో 51 మంది షహీద్ అయ్యారు. వాళ్లలో హైదరాబాద్, కరీంనగర్ బిడ్డలూ ఉన్నారు. ఆ ఖాతిల్ దగ్గరున్నది మామూలు లైసెన్సు. ఎక్కువ తూటాలు పట్టే మ్యాగజైన్లు విడిగా కొని తగిలించుకున్నాడు. అంటే అక్కడ ఖతల్‌ను అంత పెద్దది చేసింది ఒక 'సామాను'. నెల తిరగకముందే ఆ దేశం సెమీ ఆటోమేటిక్ తుపాకులనూ, ఆ మ్యాగజైన్లనూ, విడిభాగాలనూ నిషేధించింది. పార్లమెంటులో 119 మంది ఔనంటే ఒక్కరు కాదన్నారు. అక్కడితో ఆగలేదు. ఊరూరా క్యాంపులు పెట్టి, వస్తువు హాలత్ చూసి, మంచి కండిషన్లో ఉన్నదానికి ధరలో 95 శాతం దాకా కట్టి తీసుకుంది. డిసెంబర్ 20 నాటికి 56 వేలకు పైగా తుపాకులు, లక్షా 80 వేలకు పైగా విడిభాగాలు వచ్చాయి. 1996లో ఆస్ట్రేలియా కూడా ఇలాగే పైసలిచ్చి ఆరు లక్షలకు పైగా తుపాకులు తీసుకుంది.

తారీఖులు చూడండి. న్యూజిలాండ్‌లో గడువు ముగియడానికి వారం ముందే మన దగ్గర చట్టం వచ్చింది. అక్కడ రెండు పనులు చేశారు. ఇక్కడ ఒక్కటే చేశారు.

అందుకే మా మామూ మాటలో సగం నాకు ఖబూల్. సగం కాదు. ఖబూల్ కానిది ముందు చెప్తాను.

"నా మాల్, నా మర్జీ" అనే దలీల్ తుపాకీకి పనికిరాదు. పొలం నా మిల్కియత్, దాన్ని పడావు పెడితే నష్టం నాకే. తుపాకీ నష్టం అవతలివాడికి. బాణాలతో మసీదులోకో బజారులోకో వచ్చేవాడు మొనలు చేత్తో పట్టుకుని రావాలని హదీసులో తాకీదు ఉంది, ఎవరికీ గీసుకోకుండా. బాణం ఎవరిదని ఎవరూ అడగలేదు. మొన ఎటుందనే అడిగారు. హథియార్ మిల్కియత్ కంటే ముందు అమానత్. ఈ మాట అంటే మామూ కోపంగా చూస్తాడు, కానీ డ్యూటీ దిగగానే తూటాలు తీసి విడిగా తాళం వేసేది ఆయనే.

మన షాదీల సంగతి కూడా ఒకసారి మాట్లాడుకోవాలి. బారాత్‌లో మర్ఫా మోగగానే తల్వార్లు తీసి తిప్పడం, జోష్ ఎక్కితే గాల్లోకి ఫైరింగ్. అదేదో షాన్ అనుకుంటారు. పైకి పోయిన తూటా ఎక్కడో ఒకచోట కిందికి రావాల్సిందే. పక్క డాబా మీద తమాషా చూసే పిల్ల తల మీదికీ రావచ్చు. 2019 సవరణలో దీనికి విడిగా సజా పెట్టారు. ప్రాణాలకు ప్రమాదం వచ్చేలా షాదీలో గానీ, మజ్‌హబీ జగాలో గానీ ఖుషీ కాల్పులు జరిపితే రెండేళ్ల దాకా ఖైదు, లేదా లక్ష దాకా జుర్మానా, లేదా రెండూ. ఈ సెక్షన్‌ను నేను చేతులెత్తి సలాం చేస్తాను. దూల్హాకు కట్టే తల్వార్ గురించీ తెలుసుకోండి. తొమ్మిది అంగుళాలకు మించిన పొడవు పదును ఉన్నది కూడా ఆయుధాల నిబంధనల జాబితాలో ఉంది. వీడియో తీసి స్టేటస్ పెట్టే నౌజవానులకు ఇది ఎవరైనా చెప్పాలి.

ఇక ఖబూల్ అయిన సగం. తీసుకునేది ఎంత మంచి కారణానికైనా, తీసుకునే తరీఖా ఉంటుంది. రాజ్యాంగంలో ఆస్తి ప్రాథమిక హక్కుగా ఉండేది, 1978లో 44వ సవరణతో పోయింది. 300ఏ అధికరణం మిగిలింది. చట్టం లేకుండా ఎవరి ఆస్తినీ లాక్కోరాదని అది చెప్తుంది. 2024 మేలో కోల్‌కతా మున్సిపల్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు ఆ ఒక్క వాక్యంలో ఏమేం ఉన్నాయో విప్పి చెప్పింది. నోటీసు ఇవ్వాలి, మాట వినాలి, కారణం రాయాలి, ప్రజా ప్రయోజనం ఉండాలి, న్యాయమైన పరిహారం ఇవ్వాలి. అది జమీన్ కేసు, నిజమే. జమీన్ సంగతి సంగారెడ్డి జిల్లావాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. న్యాల్‌కల్, ఝరాసంగం వైపు నిమ్జ్ కోసం భూములు పోయినవాళ్లు ఎకరం ధర మీద ఎన్నేళ్లు తిరిగారో తెలుసు. అయినా అక్కడ కనీసం ధర మీద కొట్లాట ఉంది. తుపాకీకి ఆ సవాలే పుట్టలేదు.

మన ఇళ్లలో ఈ విషయం అంత తేలిగ్గా మింగుడుపడకపోవడానికి ఇంకో వజా ఉంది. 1948 సెప్టెంబర్. పోలీస్ యాక్షన్ అయ్యాక మా దాదా దగ్గరున్న ఒక పాత తోడేదార్ బందూఖ్, గోడకు వేలాడేది, ఎవరో వచ్చి తీసుకుపోయారు. రసీదు లేదు, పేరు రాసుకోలేదు. దాదీ చనిపోయేదాకా ఆ గోడ మేకును పీకనివ్వలేదు. దాదా ఏ రజాకారూ కాదు, పొలాల్లో అడవిపందుల్ని బెదిరించుకునేవాడు. ఇలాంటి కథ మీ ఇంట్లోనూ ఉండొచ్చు. అందుకే హుకూమత్ 'జమ చెయ్' అంటే మన పెద్దల చెవికి 'జప్తు' అని వినిపిస్తుంది. ఈ ఖౌఫ్ పోవాలంటే తఖ్రీర్లు పనిచేయవు, కాగితం పనిచేస్తుంది.

కాగితం అంటే గుర్తొచ్చింది. విరాసత్‌లో తుపాకీ ఎలా వస్తుందో చాలామందికి తెలీదు. 2016 నిబంధనల ప్రకారం లైసెన్సుదారు చనిపోతే వారసుడికి బదిలీ అడగొచ్చు. బతికుండగానే 70 ఏళ్లు నిండినా, ఆ తుపాకీ 25 ఏళ్లు దగ్గరున్నా వారసుల్లో ఒకరి పేరు చెప్పొచ్చు. మిగతా వారసులు అభ్యంతరం లేదని రాసిస్తారు. మామూ పేరు మీదికి మారినప్పుడు ఖాలాలు ఇద్దరూ అలాగే దస్తఖత్ పెట్టారు. వాళ్ల హిస్సా కింద ఏమిచ్చారని అడిగాను. మామూ పానీ తాగుతూ కూర్చున్నాడు. "హుకూమత్ నాకు పైసా ఇవ్వలేదు" అన్న మనిషే. లోపలి నుంచి ఖాలా గట్టిగా నవ్వింది.

మామూకు తెలియని సంగతి ఒకటుంది. అదే చట్టంలోని 21వ సెక్షన్. జమ చేసిన ఆయుధాన్ని గడువులోపల చట్టప్రకారం అమ్ముకునే వీలుంది. గడువు దాటితే సర్కారుకు జప్తు చేయొచ్చు గానీ, జప్తుకు ముందు జిల్లా మేజిస్ట్రేట్ రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, 30 రోజుల్లో జవాబు చెప్పుకోమనాలి. జప్తు అయ్యాక కూడా వస్తువునో, అమ్మగా వచ్చిన సొమ్మునో పూర్తిగానో కొంతో తిరిగి ఇచ్చే అధికారం సర్కారుకు ఉంది. అంటే ముఆవజా హక్కుగా లేకపోయినా దర్వాజా పూర్తిగా మూసి లేదు. మామూకు ఇంతవరకు నోటీసు రాలేదు. జమ చేసిన ఠాణా పేరు ఇక్కడ అనవసరం. అక్కడ అడిగితే ఆ రోజు ఉన్న సాబ్ ట్రాన్స్‌ఫర్ అయ్యాడన్నారు.

మామూ లోపలికి వెళ్లి ఇనప సందూక్ తెచ్చాడు. డిశ్చార్జి కాగితాలు, పెన్షన్ బుక్కు, వాటి కింద ప్లాస్టిక్ కవరులో మడతలు పడ్డ ఒక రసీదు. నంబరు, బోరు, తారీఖు అన్నీ ఉన్నాయి. ఠాణా ముద్ర కొంచెం వెలిసింది. దాని జిరాక్స్ తీయించి, కలెక్టరు గారికి ఒక దర్ఖాస్తు నేనే తెలుగులో రాశాను. తుపాకీ వాపస్ ఇమ్మని అడగలేదు. అది ఇప్పుడు ఎక్కడుంది, జప్తు హుకుం ఇచ్చారా, ఇస్తే నోటీసు నకలు ఇవ్వండి, అమ్మితే ఎంతకు అమ్మారు అని నాలుగు మాటలు. మామూ ఉర్దూలో దస్తఖత్ పెట్టాడు. సోమవారం ప్రజావాణిలో ఇవ్వడానికి సంగారెడ్డి వెళ్తున్నాం. ఖాలా కూడా వస్తానంటోంది. సొమ్ము ఏమైనా వస్తే ఈసారి హిస్సా వదలదట.